మీట నొక్కిన తర్వాత

నాన్నగారి పెద్దకర్మకు పటం కట్టించడానికి ఆయన ఫోటో ఒకటి కావలసివచ్చింది. అదేమంత పని అనుకొన్నాను. నాకొకటి, మా ఆవిడకొకటి, పిల్లలిద్దరికీ రెండు, వెరసి మా ఇంట్లో నాలుగు సెల్‌ఫోన్లున్నాయి. నాలుగింటిలోనూ కలిపి ఇరవైవేల బొమ్మలకు తక్కువుండవు. ఆ రాత్రి నలుగురమూ నాలుగు మూలల కూర్చొని వెతకడం మొదలుపెట్టాము.

నాన్నగారు కనబడకపోలేదు. మా అబ్బాయి పుట్టినరోజు కేకు వెనకాల సగం మొహం కనబడింది. తిరుపతిలో మేమంతా నవ్వుతూ నిలబడి ఉంటే, ఆయన దూరాన సంచులకు కాపలా ఉన్నారు. మా అమ్మాయి తన మొహం తానే తీసుకొన్న బొమ్మలో, దాని భుజం వెనుక ఆయన చెవీ, కళ్ళజోడు కాడా ఉన్నాయి. రాత్రి రెండు గంటలకు తేలినదేమంటే, ఇరవైవేల బొమ్మల్లో గోడకు తగిలించదగిన నాన్నగారు ఒక్కచోటా లేరు.

పాత ఆల్బములు దించాము. వాటిలోనూ లేరు. కాని దానికి కారణం వేరు. ఆ రోజుల్లో మా ఇంటి ఫోటోగ్రాఫరు ఆయనే.

ఆయన దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ అనే కెమేరా ఉండేది. బరోడాలో తయారైన నల్లటి పెట్టె. రీలు వేస్తే పన్నెండు బొమ్మలు వచ్చేవి. ఆ పన్నెండింటినీ ఆయన నెలజీతం సర్దినట్టు సర్దేవారు. సంక్రాంతికి రెండు, ఉగాదికి ఒకటి, వేసవిలో అమ్మమ్మ వస్తే మూడు. మిగిలినవి అనుకోని ఖర్చుల పద్దు కింద అట్టే పెట్టేవారు. ఎండ మా మొహాల మీద పడేటట్టు నిలబెట్టి, చెల్లాయి జడ ముందుకు వేయించి, నా చొక్కా బొత్తాము పెట్టించి, ఊపిరి బిగపట్టమని చెప్పి, అప్పుడు నొక్కేవారు. రీలు పూర్తి కావడానికి ఒక్కొక్కసారి ఆరునెలలు పట్టేది.

అయితే నిజం చెప్పుకోవాలి. అంత శ్రద్ధ పెట్టినా పన్నెండింటిలో నాలుగైదు చెడిపోయేవి. ఒకదాంట్లో బాబాయికి తల ఉండేది కాదు. ఇంకొకదాంట్లో అమ్మమ్మ పొగమంచులో నిలబడినట్టుండేది. కష్టపడ్డంత మాత్రాన బొమ్మ కుదరాలని ఎక్కడా లేదు.

ఈ నిజం అప్పుడు నాకు గుర్తు రాలేదు. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దది చేయించి, దండవేసి, కార్యక్రమం జరిపించాము. దాంట్లో నాన్నగారు ఎవరిమీదనో ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవారిలా ఉన్నారు.

సెలవు ముగించి కాలేజీకి వెళ్ళిన రోజునే స్టాఫ్ రూములో తీర్పు చెప్పేశాను: “ఈ డిజిటల్ కెమేరాలు వచ్చి ఫోటోలు తీసేవాళ్ళను సోమరిపోతులను చేశాయండీ. వెలుతురు లెక్క కెమేరాదే, దూరం లెక్క కెమేరాదే. వీళ్ళు చేసేదల్లా మీట నొక్కడం. వందల కొద్దీ నొక్కడం, ఒక్కటీ చూడకపోవడం. మా క్లాసులో పిల్లలు బోర్డు మీది పద్యం రాసుకోవడం మానేసి ఫోటో తీసుకొంటున్నారు. పరీక్షలో దానికి యతి ఎక్కడో తెలియదు.”

ఫిజిక్సు చెప్పే పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టారు. “మీ ఫిర్యాదు వయస్సు ఎంతో తెలుసా మాష్టారూ? నూట అరవై ఏళ్ళు దాటింది. ఫ్రెంచి కవి బోదిలేరు 1859లోనే, చదువు పూర్తిచేయలేని సోమరి చిత్రకారులకు ఫోటోగ్రఫీ ఒక ఆశ్రయమైపోయిందని దుమ్మెత్తిపోశాడు. అప్పటి ఫోటోగ్రఫీ ఏమిటనుకొన్నారు? గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే బొమ్మ తీసి, తడి ఆరకముందే కడగాలి. ఊళ్ళో బొమ్మ తీయాలంటే చీకటి గుడారం వెంట మోసుకుపోవాలి. అంత చాకిరీ చేసేవాణ్ణే ఆయన సోమరి అన్నాడు!”

ఆయనకు ఊపు వచ్చింది. 1871లో మాడాక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు పొడిపలకకు దారి చూపాడట. నిజాం కొలువులోని రాజా దీన్ దయాళ్ పేరుకెక్కేనాటికి తడిపలక బాధ తీరుతూ వచ్చింది. అంతమాత్రాన ఆయన తీసిన ఫలక్‌నుమా బొమ్మలను సోమరి పని అనగలమా? 1888లో కోడక్ కంపెనీవారు వంద బొమ్మల కెమేరా అమ్మి, మీరు మీట నొక్కండి, తక్కినది మేము చూసుకొంటామని ప్రకటించారు. బొమ్మలన్నీ అయ్యాక కెమేరాతో సహా ఫ్యాక్టరీకి పంపితే కడిగి ఇచ్చేవారు. ఆ కంపెనీలోనే 1975లో స్టీవెన్ శాసన్ అనే ఇంజనీరు ఫిల్ము లేని కెమేరా చేస్తే, ఒక్క బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టింది.

“మీ నాన్నగారి ఆగ్ఫా కూడా తడిపలకవాడికి సోమరి పెట్టెలాగే కనబడేదండీ,” అన్నారు.

ఈ మాట నాకు గుచ్చుకొంది. “మరి మా పిల్లల సంగతో?” అన్నాను.

“దానికీ జవాబుంది. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 2014లో ఒక పరిశోధన ప్రచురించింది. విద్యార్థులను మ్యూజియములో తిప్పి, కొన్ని వస్తువులను ఊరికే చూడమన్నది, కొన్నింటిని ఫోటో తీయమన్నది. మర్నాడు అడిగితే, ఫోటో తీసినవే తక్కువ గుర్తున్నాయి. అయితే ఆ వస్తువులో ఏదో ఒక భాగాన్ని దగ్గరగా తీయమన్నప్పుడు మాత్రం జ్ఞాపకం తగ్గలేదు. రెండుసార్లూ కెమేరా అదే, మీటా అదే. చూసిన చూపు వేరు.”

బెల్లు కొట్టారు. నేను ఓడిపోయానని ఒప్పుకోకుండానే క్లాసుకు వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం తెనాలినుంచి ఫోను వచ్చింది. 2023 మాఘమాసంలో మా మేనకోడలి పెళ్ళికి ఫోటోలు తీసిన కుర్రవాడు. “సార్, ఆల్బము సంగతి మళ్ళీ గుర్తుచేద్దామని...” అన్నాడు మెల్లగా. అది నాలుగోసారి. పెళ్ళయిన నెలకే 3,640 బొమ్మలున్న డిస్కు నా చేతికిచ్చి, ఆల్బముకు రెండు వందలు ఏరి ఇమ్మన్నాడు. “మేనమామవు, నువ్వే ఏరు అన్నయ్యా,” అని చెల్లాయి నాకు అప్పగించింది. ఏరుదాంలే అని బీరువాలో పెట్టాను. అప్పటికి ఏడాదిన్నర దాటింది.

సిగ్గుపడి ఆ రాత్రి డిస్కు తెరిచాను. రెండువేల తొమ్మిదివందల పై చిలుకు బొమ్మలు దాటాక అప్పగింతలు వచ్చాయి. అందరూ పెళ్ళికూతురి చుట్టూ ఉన్నారు. తర్వాతి బొమ్మలో నాన్నగారు.

పందిరి గుంజకు చేయి ఆనించి నిలబడి ఉన్నారు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకొన్నారు. కండువా అంచు ఇంకా చెంప దగ్గరే ఉంది. కళ్ళు తుడుచుకొని, ఎవరైనా చూశారేమోనని తలతిప్పిన క్షణం అది. నాకు తెలిసిన మనిషి పూర్తిగా ఆ రెండు కళ్ళలో ఉన్నాడు.

మర్నాడు ఆ కుర్రవాడికి నేనే ఫోను చేసి, ఇది ఎలా తీశావు బాబూ అని అడిగాను.

“తాతగారు పక్కకు వెళ్ళడం చూశాను సార్. ఇటు తిరుగుతారని నిలబడ్డాను.”

“ఎంతసేపు?”

“ఐదు నిమిషాలుంటుందేమో సార్. మూడే తీశాను. ఫోకసంతా కెమేరాదే సార్, కన్ను ఎక్కడుందో అదే పట్టుకొంటుంది. నేను నిలబడ్డానంతే.”

అతని కెమేరా సెకనుకు ఇరవై బొమ్మలు తీయగలదట. ఐదు నిమిషాలకు లెక్కవేస్తే ఆరువేలు. అతడు తీసినవి మూడు. కన్నును కెమేరా పట్టుకొన్నమాట నిజమే. అందరూ పెళ్ళికూతుర్ని చూస్తున్న వేళ ఆ ముసలాయన కన్నును చూడాలని తోచినది మాత్రం ఆ కుర్రవాడికే. చేతికి పని తగ్గినందువల్లనే కాబోలు, అతనికి అంతసేపు నిలబడి చూసే తీరిక దొరికింది. నేను స్టాఫ్ రూములో చెప్పిన తీర్పును ఫిజిక్సు మాష్టారి ఎదుటనే వెనక్కు తీసుకొన్నాను. ఆయన విజయగర్వం చూపకుండా టీ తాగారు.

కాని ఈ కథలో సోమరి లేడని కాదు. ఉన్నాడు. ఆ బొమ్మ ఏడాదిన్నరపాటు నా బీరువాలో ఉంది. నాన్నగారు ఆ బీరువా ఉన్న గదిలోనే పడుకొనేవారు. తీసేవాడు తన పని చేశాడు, కెమేరా తన పని చేసింది. చూడవలసినవాణ్ణి నేను చూడలేదు. నాన్నగారు రీలు కడిగించుకొని రాగానే వాకిట్లోనే కవరు విప్పి, అందరినీ పిలిచి చూపించేవారు. పన్నెండు బొమ్మల వెనుకా తేదీ, పేర్లు రాసేవారు. ఫోటో తీయడమంటే ఇదంతా కలిసే అని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

బొమ్మ అచ్చు వేయించి అమ్మకు ఇచ్చాను. చాలాసేపు చూసింది. “ఆయన చూసుకొని ఉంటే బాగుండేదిరా. తన ఫోటో ఒక్కటీ బాగా రాదనుకొనేవారు,” అన్నది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మా ఇంట్లో నెలకొక ఆదివారం నలుగురమూ ఫోన్లు పట్టుకొని కూర్చొంటున్నాము. ఆ నెల తీసిన వాటిలో పన్నెండు ఏరి అచ్చు వేయిస్తాము. వెనుక పేర్లు రాసే పని మా అమ్మాయిది. తీసిన బొమ్మల్లో అంచున ఎవరు ఉండిపోతున్నారో చూసి చెప్పే పని నాది. పోయిన నెల అలా చూస్తే అమ్మ ఒక్క దాంట్లోనూ సరిగ్గా లేదు. ఆ సాయంత్రమే వాకిట్లో కుర్చీ వేసి, ఎండ మొహం మీద పడేటట్టు కూర్చోబెట్టాము.