మోత అని కొట్టిపారేసేముందు

హెవీ మెటల్ సంగీతం సామ్రాజ్యవాదపు క్షీణ సంస్కృతి అనీ, చెవులు చిల్లులుపడే ఆ మోతలో శ్రామికుడికి పనికివచ్చేది ఏదీ లేదనీ మన మిత్రులు కొందరు తీర్పు చెబుతున్నారు. తీర్పుకు ముందు సాక్షిని విచారించాలి గదా! బ్లాక్ సబ్బత్ బృందంలో డ్రమ్ములు వాయించిన బిల్ వార్డ్‌ను పిలుద్దాం.

వార్డ్ 1948లో బర్మింగ్‌హామ్ నగరంలోని ఆస్టన్‌లో పుట్టాడు. అది కార్ఖానాల పేట. అతని సహచరుడు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో, రేకుల కార్ఖానాలో, కుడిచేతి రెండు వేళ్ల కొనలు యంత్రానికి పోగొట్టుకున్నాడు. ఆ చేతితోనే గిటారు వాయించాడు. పాటగాడు ఓజీ ఆస్బర్న్ కబేళాలో పనిచేసినవాడు. 1969 అక్టోబరులో వీళ్లు లండన్‌లో ఒక్కరోజులో తొలి రికార్డు ముగించారు. నిర్మాత రోజర్ బెయిన్ మెరుగులు దిద్దలేదు, వేదికమీద వాయించినట్టే వాయించనిచ్చాడు. 1970 ఫిబ్రవరిలో అది బజారుకు వచ్చింది. ఆ యేడే 'వార్ పిగ్స్' వచ్చింది. యుద్ధం తలపెట్టేది ఒకడు, చచ్చేది మరొకడు అని వియత్నాం రోజుల్లో అంత బిగ్గరగా చెప్పిన పాటను క్షీణ సంస్కృతి అనడానికి చాలా సాహసం కావాలి.

వార్డ్ గురువులు జీన్ క్రూపా వంటి జాజ్ వాద్యగాళ్లు. జాజ్ ఎవరి సంగీతం? అమెరికాలో బానిసలుగా అమ్ముడుపోయిన నల్లవాళ్ల సంతతిది. అందుకే అతని డ్రమ్ము తాళం లెక్కపెట్టి వూరుకోదు, గిటారు మాటకు మాట జవాబు చెబుతుంది.

మరి ఫలితం ఎవరికి దక్కింది? తొలి రోజుల్లో పాటలకింద నలుగురి పేర్లూ సమానంగా వుండేవి. 2012లో బృందం మళ్లీ కలుస్తున్నప్పుడు, తనకిచ్చిన ఒప్పందం సంతకం పెట్టదగినది కాదని వార్డ్ బహిరంగంగా ప్రకటించి తప్పుకున్నాడు. అతనికి ఒంట్లో సత్తువ చాలదని అవతలి పక్షం మాట. 2013 రికార్డుకు నిర్మాత రిక్ రూబిన్ తొలినాటి నాదాన్నే ఆదర్శంగా పెట్టాడు. డ్రమ్ములముందు మాత్రం బ్రాడ్ విల్క్ కూచున్నాడు. నాదం కావాలి, పుట్టించినవాడు అక్కరలేదు! 2025 జూలై 5న, 77 యేళ్ల వయసులో, తన ఆస్టన్‌లోని విల్లా పార్కులోనే మిగతా ముగ్గురితో వార్డ్ మళ్లీ వాయించాడు. ఒంట్లో సత్తువ సంగతి అక్కడ అందరూ చూశారు.

మా నిమ్మనపల్లె చుట్టుపక్కల పలక కొట్టేవాళ్లకు ఈ కథ కొత్తదేమీ కాదు. జాతరకు పలక కావాలి, చావుకు పలక కావాలి. చర్మాన్ని నిప్పుసెగకు కాచి తెల్లవార్లూ కొట్టాలి. బంతిలో కూచునేటప్పుడు మాత్రం దూరం. పండితులు దానినీ మోత అన్నారు. మన మిత్రులు ఆ మాటనే ఎరువు తెచ్చుకున్నారు. సినిమాపాటలో ఈనాడు పలక మోగితే డబ్బు రాలుతుంది. కొట్టిన చేతి పేరు తెరమీద ఎవరు చూశారు? 2012లోనే మన కాపీరైటు చట్టాన్ని సవరించి ప్రదర్శకులకు రాయల్టీ హక్కు రాశారు. ఆ హక్కు పలకగాడి గడపదాకా ఎట్లా నడిచి వస్తుందో చెప్పే వ్యాసం మిత్రులు రాయగా నేనింకా చదవలేదు.