మాట్లాడుతున్నడని సర్టిఫికెట్ ఆపితే ఎట్ల?

"డిగ్రీ చదివినవ్. అడిగినదానికి జవాబు చెప్తున్నవ్. నీకేమైందని వచ్చినవ్?"

సదరెం క్యాంపుల మూడు గంటలు లైన్ల నిలవడ్డంక మా ఊరి తమ్మునికి దొరికిన మాట ఇది. వయసు 26. ఆటిజం ఉన్నదని హైదరాబాద్‌ల డాక్టర్ రాసిచ్చిన కాయితం చేతుల ఉన్నది. ఆ కాయితం ఎవరూ తెరిచి చూడలె. పేరేంది, ఏం చదివినవ్, మీ నాయిన ఏం చేస్తడు అని మూడు ప్రశ్నలు అడిగిన్రు. తలకాయ వంచుకొని మూడింటికీ జవాబు చెప్పిండు. ఐదు నిమిషాల్ల పని అయిపోయింది. నెల దాటినంక మీసేవకు పోయి అడిగితే రిజెక్ట్ అయిందన్నరు.

ఆ రోజు తోడుగ నేనే పోయిన. బస్సుల వస్తుంటే వాళ్ల అమ్మ నన్నొక మాట అడిగింది. "తమ్మీ, వాడు నోరు తెర్వకపోతే ఇస్తుండ్రా?"

నా దగ్గర జవాబు లేకుండె. అందుకే ఈ ముచ్చట రాస్తున్న.

చట్టంల పేరు లేని పిల్లలు

1995ల వచ్చిన వికలాంగుల చట్టంల ఏడు రకాల వైకల్యాలే ఉన్నయి. అందుల ఆటిజం లేదు. 1999ల నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం పేరు తీసింది గనీ, అది ఊర్ల దాంక రాలె. 2016 డిసెంబర్ల కొత్త చట్టం పాసైంది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లకు వచ్చింది. ఏడు రకాలు 21 అయినయ్, ఆటిజం గూడ చేరింది.

అప్పటికి మా తమ్మునికి 17 ఏండ్లు. పదో తరగతి దాటిపోయిండు. బడిల సార్లు మొద్దు అన్నరు. చుట్టాలు అమాయకుడు అన్నరు. పెండ్లిల డీజే మోగంగనే చెవులు మూసుకొని ఉరికితే గాలి సోకిందని తాయెత్తు కట్టిన్రు. ఒక్కలు గూడ ఆటిజం అనలె, ఎందుకంటే ఆ మాట ఊర్ల ఎవరికీ తెల్వదు. ఇయ్యాల బోర్డు ముందట కూసుంటే, చిన్నప్పటి రికార్డు ఏదని అడుగుతరు. ఏడికెళ్లి తెస్తడు? చట్టమే గుర్తించని రోజుల కాయితం ఇప్పుడు తెమ్మంటే ఎట్ల దొరుకుతది?

ఇంకో సంగతి. పెద్దగైన మనిషి ఊకె ఉండడు గదా. తిట్లు తిని, దెబ్బలు తిని, నలుగురిల ఎట్ల మెలగాల్నో కొంత నేర్చుకుంటడు. ఐదు నిమిషాలు నిలదొక్కుకుంటడు. ఇంటికొచ్చి రెండు రోజులు దుప్పటి కప్పుకొని పంటడు. బోర్డు ఆ ఐదు నిమిషాలనే చూస్తది. రెండు రోజుల సంగతి అడగదు.

ఏడు పదుల లెక్క

ఆటిజం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతి మన సికింద్రాబాద్‌లనే తయారైంది. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌ల ఉన్న జాతీయ సంస్థ తయారుచేసింది. దాని పేరు ఇసా. పెన్షన్ కావాల్నంటే కనీసం 40 శాతం వైకల్యం ఉండాలె గదా, ఆ 40 శాతం ఈ లెక్కల నుంచే వస్తది.

లెక్క పెద్ద కష్టమేం గాదు. 40 అంశాలుంటయ్. నలుగురితోని కలుసుడు, భావాలు చూపెట్టుడు, మాట, ప్రవర్తన, చప్పుడు వెలుతురు తాకిడి అసుంటి ఇంద్రియాల సంగతి, ఆలోచన అని ఆరు భాగాలు చేసిన్రు. ఒక్కో అంశానికి 1 నుంచి 5 దాంక మార్కులు. ఎన్నడో ఒకసారి కనిపిస్తే 1, అప్పుడప్పుడు అయితే 2, ఎప్పుడూ ఉంటే 5. మొత్తం 70 వస్తే 40 శాతం ఉన్నట్టు. అంతకంటే పెరిగినకొద్ది శాతం పెరుగుతది.

ఇప్పుడు మీరే కలుపుండ్రి. ఏ ఇబ్బందీ పెద్దగ లేనోనికి గూడ అంశానికి ఒకటి చొప్పున 40 వస్తయ్. 30 అంశాలల్ల 'అప్పుడప్పుడు' అని రెండేసి, మిగిలిన పదింటికి ఒక్కొక్కటి వేసినా 70 అయితది. అంటే 40 శాతం రావాల్నంటే మూగోడై ఉండాల్నని ఏడా లేదు. డిగ్రీ చదవొద్దని లేదు. మాట అనేది ఆరు భాగాలల్ల ఒక్క భాగం మాత్రమే. "మంచిగనే మాట్లాడుతున్నడు" అని పంపిచ్చుడంటే మిగిలిన ఐదు భాగాలు చూడకుండ కాయితం మూసేసుడే.

ఇంకా ముఖ్యమైంది, ఈ కొలత మనిషిని ఒక్కసారి చూసి వేసేది గాదు. చూడాలె, మాట్లాడిచ్చాలె, తల్లిదండ్రులనో చూసుకునేటోళ్లనో అడిగి తెలుసుకోవాలె. మా తమ్ముని విషయంల వాళ్లమ్మను బయటనే నిలవెట్టిన్రు.

డాక్టర్లదే తప్పా?

అట్ల అంటే అన్యాయమైతది. క్యాంపు రోజు వందలమంది వస్తరు. కాలు లేదంటే కనిపిస్తది, చూపు లేదంటే పరీక్ష ఉన్నది. మనసుకు సంబంధించినయి చూసే డాక్టర్లు, సైకాలజిస్టులు జిల్లాలల్ల తక్కువ. 40 అంశాలు సరిగ్గ నింపాల్నంటే టైం పడతది. ఆ టైం ఇచ్చే తీరుల క్యాంపే లేదు.

పైగ బోగస్ భయం ఒకటి. బోగస్ సర్టిఫికెట్లు ఉన్నయా అంటే ఉన్నయ్, మనకు తెల్వనిది గాదు. పైరవీకారులు పైసలు తిని ఇప్పిచ్చినయి ఎన్నో. ఆంధ్రల 2025ల పింఛన్లు మళ్ల తనిఖీ చేసి చానామందికి నోటీసులిచ్చిన్రు. గొడవైనంక అప్పీలు చేసుకోమన్నరు. అక్కడ వికలాంగుల పింఛన్ ఆరు వేలు, మన దగ్గర 4,016. ఆరు వేలు చేస్తమని 2023 ఎన్నికలల్ల కాంగ్రెస్ మాటిచ్చింది. పైసలు పెరిగినకొద్ది జల్లెడ పట్టుడు గూడ గట్టిగైతది. కానీ ఆ జల్లెడల పైరవీ ఉన్నోడు జారడు. కనిపించని వైకల్యం ఉన్నోడే రాలిపోతడు.

మా తమ్మునికి గూడ ఒక పైరవీకారు దొరికిండు. "ఈసారి నోరు మూసుకొని కూసోమను, పిచ్చి చూపులు చూడమను. పదిహేను వేలు, పని అయితది" అన్నడు. అమ్మ నా దిక్కు చూసింది. తమ్ముడు ఒక్కటే మాట అన్నడు. "నాకు మాటలు వస్తయి గదా, రావని ఎట్ల చెప్తం?" ఉన్న కష్టం చెప్పుకుంటే నమ్మరు. నాటకం ఆడితే ఇస్తరు. వ్యవస్థ గిట్ల తయారైతే బోగస్‌లను పెంచుతున్నది ఎవరు?

అప్పీలు ఎట్ల చెయ్యాలె

తమ్ముళ్లు, చెల్లెండ్లు, మీ ఊర్ల గిసుంటి ఇల్లు ఒకటన్న ఉంటది. మేము తిరిగి తిరిగి తెలుసుకున్నది చెప్తున్న, పనికొస్తది.

ముందుగాల, ఆపింది ఏందో తెలుసుకోవాలె. సర్టిఫికెటే ఇయ్యలేదా, లేకపోతే సర్టిఫికెట్ ఉండి పింఛన్ మంజూరు కాలేదా? రెండింటికి తొవ్వలు వేరు. పింఛన్ ఆగితే ఎంపీడీవో, కలెక్టర్ దగ్గరికి పోవాలె. సర్టిఫికెట్ ఆగితే 2016 చట్టంల 59వ సెక్షన్ ఉన్నది. సర్టిఫికెట్ ఇచ్చే అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు అందుల రాసి ఉన్నది. ఎవరికి చెయ్యాలె, ఎన్ని రోజులల్ల చెయ్యాలె అనేది రాష్ట్ర ప్రభుత్వం పెడతది. అందుకే ఆలస్యం చెయ్యొద్దు. జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంట్ ఆఫీసుల, డీఆర్‌డీఏల అడుగుండ్రి. నోటితోని చెప్తే వినుండ్రి గనీ, కాయితం మీద గూడ అడుగుండ్రి.

రెండోది, కారణం. 2017 రూల్స్ ప్రకారం దరఖాస్తు తిరస్కరిస్తే ఎందుకో రాసి ఇయ్యాలె. దానికి ఫారం 8 అని ఉన్నది. మీసేవ కంప్యూటర్ల రిజెక్ట్ అని కనిపిస్తే అది కారణం గాదు. ఆ ఫారం అడుగుండ్రి.

మూడోది, మార్కుల కాయితం. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి మన ఇసా స్కోర్ షీట్ కాపీ అడగొచ్చు. 30 రోజులల్ల జవాబియ్యాలె. ఇక్కడే అసలు సంగతి బయటపడతది. షీట్ వస్తే ఏ అంశానికి ఎన్ని వేసిన్రో చూసి, తప్పున్నకాడ మన సాక్ష్యం పెట్టొచ్చు. షీటే లేదంటే కొలవకుండనే పంపిచ్చిన్రని తేలిపోతది. అప్పీలుకు అంతకంటే గట్టి ఆధారం ఏముంటది?

నాలుగోది, సాక్ష్యం. "మా పిల్లగాడు అమాయకుడు సారూ, దయచూడుండ్రి" అని రాస్తే పని కాదు. ఏ రోజు ఏమైంది, ఎవరు తోడుండాల్సి వచ్చింది, ఎన్ని రోజులకు ఒకసారి అయితది అని రాయాలె. చిన్నప్పుడు చదువు చెప్పిన సారుతోని, పని ఇచ్చినోళ్లతోని, పక్కింటోళ్లతోని రాయించి సంతకం తీసుకోవాలె. చూసిన డాక్టర్ కాయితాలన్నీ పెట్టాలె. అమ్మనో అక్కనో లోపలికి రానియ్యాల్నని, గోల లేని టైం ఇయ్యాల్నని అప్పీలులనే అడగాలె. అవసరానికి తగ్గట్టు సౌలతు చేసుడు దయ గాదు, చట్టంల ఉన్న మాట.

ఐదోది, ఒంటరిగ కొట్లాడొద్దు. జిల్లా కోర్టుల న్యాయ సేవాధికార సంస్థ ఉంటది. వికలాంగులకు, ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు వకీలును ఫుకట్ల పెడతరు. 15100కు ఫోన్ చేసినా చెప్తరు. సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణిల దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలె. అక్కడా పని కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉన్నరు, ఆయన ముందట పిటిషన్ వెయ్యొచ్చు. ఇచ్చిన ప్రతి కాయితానికి జిరాక్స్ మీద ముద్ర కొట్టిచ్చుకోవాలె. ముద్ర లేకపోతే ఆ కాయితం ఇచ్చినట్టే గాదు.

సర్కార్ చెయ్యాల్సింది

సర్టిఫికెట్ అంటే నెలకు నాలుగు వేలు ఒక్కటే గాదు. నిరామయ కింద లక్ష రూపాయల ఆరోగ్య బీమా ఉన్నది. సర్కారు కొలువులల్ల నాలుగు శాతం రిజర్వేషన్ల ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక రోగం అసుంటి వాళ్లకు కలిపి పెట్టిన్రు. సర్టిఫికెట్ లేకపోతే ఈ తలుపులన్నీ ఒక్కసారే మూసుకుంటయ్.

అందుకే అడిగేది పెద్ద కోరికేం గాదు. ఆటిజం వాళ్లకు నెలకు ఒక రోజు వేరే పెట్టుండ్రి. ఒక్కొక్కలకు గంట ఇయ్యుండ్రి. తిరస్కరిస్తే స్కోర్ షీట్ దాంతోనే చేతుల పెట్టుండ్రి, ఆర్టీఐ దాంక పోనియ్యకుండ. అప్పీలు ఎవరికి, ఎన్ని రోజులల్ల అనేది ప్రతి మీసేవల, ప్రతి పంచాయతీ ఆఫీసుల గోడ మీద తెలుగుల రాయుండ్రి. వీటికి కొత్త చట్టం అక్కరలేదు. ఉన్నది అమలుచేస్తే చాలు.

మా తమ్ముడు అప్పీలు తనే రాసుకున్నడు. నేను సరిచెయ్యాల్నని తీసుకున్న గనీ, ఒక్క అక్షరం ముట్టలె. నాలుగు పేజీలు. రేషన్ షాపుల వేలిముద్ర పడకపోతే డీలర్ అరుస్తడని, తను బియ్యం తీసుకోకుండనే ఇంటికొస్తనని, అమ్మ కూలి పోగొట్టుకొని మళ్ల పోతదని రాసిండు. జిరాక్స్ షాపుల పనికి చేరితే నలుగురు ఒక్కసారే అడుగుతరని, పదకొండు రోజులకు మానేసిననని రాసిండు. ఆ రోజు బోర్డు ముందట మూడు ప్రశ్నలకు జవాబు చెప్పనీకె, ముందు రాత్రంతా ఇంట్ల అవే జవాబులు అప్పజెప్పుకున్ననని రాసిండు.

అది చదివినంకనే నాకు సమజైంది, బోర్డు చూసిన 'మంచిగ మాట్లాడుడు' ఏందో.

అప్పీలు ఇచ్చినం, ముద్ర కొట్టిచ్చుకున్నం. పిలుపు కోసం చూస్తున్నం. ఈసారి వాళ్లమ్మ లోపలికి పోవాల్నని అందుల రాసినం. పోనియ్యకపోతే అదే కాయితం మీద మళ్ల అడుగుతం.