పాకం పొరపాటున కుదరదు

మడకశిరలో ఆపిల్ అంటే ఆసుపత్రికి తీసుకెళ్ళే పండు. ఎవరైనా మంచాన పడితేనో, కాన్పయితేనో చూడబోయేవాళ్ళు నాలుగు కొని సంచిలో వేసుకుంటారు. చెనిక్కాయ తప్ప వేరే పంటను నమ్ముకోలేని ఈ కరువు నేల మీద ఆపిల్‌తో వంట చేస్తానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా వీధిలో ఉండే అక్క కూడా నవ్వింది. అయినా మొన్న దసరా సెలవుల్లో ఆ పని చేశాను. మన పత్రికలోకి వంటల శీర్షిక ఎప్పుడొచ్చిందని కంగారు పడకండి. చెప్పబోయేది హక్కుల సంగతే.

నేను చేసింది 'తార్త్ తతాన్' అనే ఫ్రెంచి తీపివంటకం. చక్కెర పాకంలో వెన్న కలిపి, అందులో ఆపిల్ ముక్కలు మగ్గించి, పైన వెన్న కలిపిన పిండిరొట్టె కప్పి కాలుస్తారు. వేడిగా ఉండగానే పళ్ళెంలోకి బోర్లిస్తారు. అడుగున ఉన్న పండ్లు ఎర్రగా మెరుస్తూ పైకి వస్తాయి.

దీని పుట్టుక గురించి ప్రపంచమంతా ఒక కథ చెప్పుకుంటుంది. ఫ్రాన్స్‌లో సొలోన్ ప్రాంతంలోని లామోత్ బ్యూవ్రోన్ అనే ఊళ్ళో, రైల్వే స్టేషన్ ఎదుట తతాన్ అక్కచెల్లెళ్ళు ఒక హోటలు నడిపేవారు. అక్క స్తెఫానీ (1838-1917) వంట చూసేది. చెల్లెలు కరోలిన్ (1847-1911) వచ్చేపోయే వాళ్ళను చూసేది. ఒకరోజు వేటగాళ్ళు భోజనానికి గుంపుగా దిగారట. హడావుడిలో స్తెఫానీ అడుగున పిండి పరచడం మరిచిపోయి పండ్లు పొయ్యిమీద పెట్టేసిందట. తర్వాత గుర్తొచ్చి పైన పిండి కప్పిందట. కాదు, చెయ్యి జారి బోర్లా పడిందని ఇంకొందరంటారు. ఏదైతేనేం, అదొక పొరపాటు! ఆ పొరపాటే లోకప్రసిద్ధమైపోయింది!

నిజానికి తిరగేసిన తార్తులు ఆ ప్రాంతపు ఇళ్ళలో అంతకుముందు నుంచే ఉన్నాయి. స్తెఫానీ ఏళ్ళ తరబడి రోజూ పొయ్యి ముందు నిలబడి ఆ వంటకానికి తన చేతివాటం ఇచ్చింది. 1926లో కుర్నోన్‌స్కీ అనే పేరుమోసిన భోజన రచయిత దాన్ని పారిస్‌కు పరిచయం చేసేనాటికి అక్కచెల్లెళ్ళు ఇద్దరూ లేరు.

ఇంకో కథ కూడా ఉంది. పారిస్‌లోని మాక్సిమ్స్ అనే గొప్ప రెస్టారెంటు యజమాని లూయీ వోదాబ్ల్, తాను తోటమాలి వేషంలో ఆ హోటల్లో చేరి రహస్యం తెలుసుకొచ్చానని చెప్పుకున్నాడు. ఆయన పుట్టింది 1902లో. అక్కచెల్లెళ్ళు 1906 నాటికే హోటలు వదిలేశారు. నాలుగేళ్ళ పిల్లవాడు తోటమాలిగా ఎలా చేరాడో మరి! కష్టం చేసిన ఆడదానిది 'పొరపాటు', అది పట్టుకుపోయానన్న మగవాడిది 'తెలివి'. కథలు ఎవరు అల్లుతారో, ఎవరి కోసం అల్లుతారో ఇంతకంటే వేరే ఉదాహరణ కావాలా?

ఇక నా వంట సంగతి. మొదటిసారి పాకం మాడ్చాను. రెండోసారి పండ్లు చితికి గుజ్జయిపోయాయి. ఓవెన్ లేదు. అప్పుడు అక్కను పిలిచాను. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. చెనిక్కాయల కాలంలో ఇంట్లో బెల్లం పాకం పట్టి ఉండలు చేస్తుంది. ఆపిల్ ముక్క నోట్లో వేసుకుని, "మెత్తటి పండు ఇట్లా పాకంలో ఆగదు, గట్టిగా, కాస్త పుల్లగా ఉండేవి తేపో" అంది. ఆరు పండ్లు తెచ్చాను. తొక్క తీసి ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేసి గింజలు తీసేశాం. మందపాటి బాండ్లిలో 150 గ్రాముల చక్కెర సన్నసెగ మీద కరిగించాం. "చెనిక్కాయ పొట్టు రంగు వచ్చేదాకా కదలొద్దు, దాటితే చేదు" అంది. ఆ రంగు రాగానే 75 గ్రాముల వెన్న వేశాం. ముక్కలను సందు లేకుండా పేర్చి ఇరవై నిమిషాలు మగ్గనిచ్చాం. మైదాలో వెన్న, చిటికెడు ఉప్పు, చల్లటి నీళ్ళు కలిపి వత్తిన రొట్టెను పైన కప్పి, అంచులు లోపలికి దోపి మూత పెట్టాం. టెంకాయ చిప్పలు కాల్చి ఆ నిప్పులు మూత మీద పోసింది అక్క. కింద సన్నసెగ, పైన నిప్పులు. అరగంటలో రొట్టె కాలింది. దించి కాసేపు ఆగి బోర్లించాం. పూర్తిగా చల్లారిపోతే పాకం గడ్డకట్టి గిన్నెను వదలదు.

సాయంత్రం మా సంస్థ మిత్రులు వచ్చారు. తిని మెచ్చుకున్నారు. "ఎలా చేశారండీ?" అని అడిగారు. నేనేమన్నానో తెలుసా? "ఏదో, అలా కుదిరిపోయింది" అన్నాను.

అక్క వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. అందరూ వెళ్ళాక గిన్నెలు సర్దుతూ, మామూలుగానే అంది: "పాకం పొరపాటున కుదరదక్కా. చేతులు కాలితేనే కుదురుతాది." తన మోచేతి మీది మచ్చలు చూపించింది. అవి బడి పొయ్యి దగ్గరివి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తతాన్ అక్కచెల్లెళ్ళ కథ చెప్పి కోపం తెచ్చుకున్న నేనే, నా ఇంట్లో అదే కథ అల్లాను. వినయం అనుకున్నది నిజానికి ఇంకో ఆడమనిషి నైపుణ్యాన్ని చెరిపేయడం. 'ఏదో అలా కుదిరింది' అనడం మనకు చిన్నప్పటి నుంచీ నేర్పిన మాట. ఆ మాట మన పనిని మనచేతే తుడిపిస్తుంది. అలా కుదిరిపోయే పనికి కూలి ఎవరిస్తారు?

పొరపాటు అనడం ఒక పద్ధతి. పుణ్యం అనడం ఇంకో పద్ధతి. స్తెఫానీ కాలంలోనే మన కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) ఉండేది. ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆమె పేరు పెట్టారు. ఒక స్త్రీ వంటను రాష్ట్రం గుర్తించడం నాకూ సంతోషమే. అయితే ఆ పేరు కింద పొయ్యి ఊదుతున్న వేలాది సీతమ్మల మాటేమిటి? సీతమ్మ పెట్టింది తన ఇంటి అన్నం, తన ఇష్టంతో చేసిన దానం. బడిలో అక్క చేస్తున్నది ఉద్యోగం. ఉద్యోగాన్ని దానంలా చూడటం వల్లనే ఆమెకు ఇచ్చేదాన్ని జీతం అనరు, 'గౌరవ వేతనం' అంటారు.

ఆ గౌరవం ఎంతో చూడండి. 2009లో కేంద్రం నిర్ణయించింది నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. మన రాష్ట్రంలో 2019లో దాన్ని 3000 చేశారు. ఈ పథకాల్లో పనిచేసే వాళ్ళను కార్మికులుగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. నెలకు 1000 రూపాయలిచ్చి బడివంట చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టితో సమానమని, కనీస వేతనం ఇవ్వాలని 2020 డిసెంబరులో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. బడిలో వంట చేసే ఎంతమంది అక్కలకు ఈ తీర్పు సంగతి తెలుసు? తెలియజెప్పవలసిన మనం ఏం చేస్తున్నాం?

ఇంటి వంటకు ఆ గౌరవ వేతనమైనా లేదు. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. ఇంటి ఇల్లాలి పనికి విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2001లో లతా వాధ్వా కేసులో ఒప్పుకుంది, 2021లో కీర్తి కేసులో మళ్ళీ గట్టిగా చెప్పింది. కానీ ఆ రెండూ మరణించినవారికి నష్టపరిహారం లెక్కగట్టే కేసులు. అంటే ఆడదాని వంటకు వెల కట్టాలంటే ఆమె చచ్చిపోవాలన్నమాట!

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన సంస్థలను కూడా అడగాలి. స్త్రీల హక్కుల మీద మనం మూడు రోజుల శిక్షణ పెడతాం. వక్తల ప్రయాణఖర్చులకు ఒక పద్దు ఉంటుంది. వంటచేసే అక్కలకిచ్చే డబ్బు చాలాసార్లు 'ఇతర ఖర్చుల'లో పడుతుంది. గ్రూప్ ఫోటోలో వాళ్ళుండరు. ఆఖరిరోజు చప్పట్లు కొట్టి 'అన్నపూర్ణలు' అంటాం. అన్నపూర్ణ అనే బిరుదు తీసుకుని ఏ అంగట్లో బియ్యం తెచ్చుకోవాలి?

నా ప్రతిపాదనలు పెద్దవేం కావు. మన సమావేశాల్లో వంటపనికి విడిగా పద్దు రాద్దాం, కనీస వేతనానికి తగ్గకుండా ఇద్దాం. బడివంట అక్కల సంఘాలు కార్మిక గుర్తింపు కోసం, కాలిన గాయాలకు వైద్యం కోసం, పన్నెండు నెలల జీతం కోసం పోరాడుతుంటే వెళ్ళి పక్కన నిలబడదాం. ఇంట్లోనో, బయటనో మన వంటను ఎవరైనా మెచ్చుకుంటే 'ఏదో అలా కుదిరింది' అనడం మానేద్దాం. ఎవరు నేర్పారో, ఎంతసేపు నిలబడ్డామో చెబుదాం.

ఆ మిత్రులను మళ్ళీ పిలిచాను. ఈసారి అక్క మాతోపాటే కూర్చుంది. పాకం రంగు గురించి ఆమే చెప్పింది.