పెట్టె మారితే శ్రుతి మారవలెనా?

ధవళేశ్వరం లాకుల దగ్గర పెరిగినవారికి ఒక సంగతి చెప్పనక్కరలేదు. నదిమట్టం వేరు, కాలువమట్టం వేరు. అందుకని పడవను కోసి చిన్నది చేయరు. లాకులో నిలిపి, తలుపులు మూసి, నీటినే కాలువమట్టానికి తెచ్చి పడవను వదులుతారు. 1852లో ఆనకట్ట పూర్తయిన నాటినుండీ ఇది మనవారికి తెలిసిన విద్యే. సింథసైజర్ మాడ్యూళ్లను ఒక పద్ధతినుండి మరొక పద్ధతికి మార్చే మిత్రులు దీనిని మరచిపోతున్నారని నా అభియోగం.

వాద్యాన్ని మార్చుకొనటం తప్పు కాదు. ఐరోపాలో కాళ్లతో తొక్కి వాయించిన హార్మోనియాన్ని కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతితో గాలికొట్టే పెట్టెగా మలిచారు. రీడ్లు అవే, గాలి వచ్చే దారి మారింది. ఒక చేయి గాలికే అంకితమైనా, నేలమీద కూర్చుని పాడేవారికి అది అనువయింది. కవ్వాలీకీ, పద్యనాటకానికీ సమానంగా అక్కరకు వచ్చింది. అయితే 1940లో ఆకాశవాణి దానిని నిషేధించినప్పుడు పేచీ వచ్చింది పెట్టెతో కాదు, శ్రుతితో.

స్వరాన్ని పుట్టించేది, వడపోసేది, హెచ్చుతగ్గులు చేసేది విడివిడి పలకలుగా ఉండి తీగలతో కలుపుకొనే సింథసైజరుకూ పరీక్ష అక్కడే. జర్మనీలో డెప్ఫర్ 1990 దశకంలో తెచ్చిన యూరోర్యాక్ పలక ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, విద్యుత్తు ధన, ఋణ 12 వోల్టులు. మూగ్ ఆకృతిలో నేడు తయారయ్యే పెద్ద పలకలు చాలావరకు 15 వోల్టులవి. రేకు కోయటం, జాక్ మార్చటం చేతిపని మాత్రమే. చిక్కంతా విద్యుత్తుది.

15 వోల్టుల మాడ్యూలుకు 12 ఇచ్చినా అది పలుకుతుంది. మోసం అక్కడే ఉంది. సరఫరా తీగనుండి నేరుగా ప్రవాహం తీసుకొనే రెసిస్టరులో ఐదవవంతు తగ్గిపోతుంది. 150 కిలోఓముల చోట 120 వేయాలి. ఆపైన, ఒక వోల్టు పెంచితే సరిగా ఒక స్థాయి పెరుగుతున్నదో లేదో చూచి మళ్లీ శ్రుతి చేయాలి. 12 వోల్టుల మాడ్యూలును 15 వోల్టుల పెట్టెలో పెట్టదలచినవారికి 7812, 7912 రెగ్యులేటర్ల జంటే లాకు. పాత, అరుదైన మాడ్యూలునైతే అసలు ముట్టరాదు. దానికి వేరే 15 వోల్టుల సరఫరా ఇచ్చి, రెండింటి భూమితీగలు కలిపితే చాలు.

ఇంత చెప్పే నేనే ఒకసారి పట్టీతీగను తలకిందులుగా తొడిగాను. ఎర్రగీత ఋణ 12 వైపు ఉండాలని తెలిసీ చేసిన పని. పొగతోపాటు ఒక మాడ్యూలూ పోయింది.

పాఠ్యప్రణాళికలో లేదు గనుక ప్రయోగశాల తాళం తీయరాదన్న వాదన నాకు సమ్మతం కాదు. ఓం సూత్రం పాఠంలో ఉన్నదే గదా! కళాశాల సంఘంవారిని కోరేది స్వల్పం: సాయంకాలం రెండు గంటలు ఒక బల్ల, ఒక మల్టీమీటరు, ప్రవాహానికి హద్దు విధించే సరఫరాపెట్టె ఒకటి.