బ్రెస్ట్ క్యాన్సర్: కాటా చెప్పని కొవ్వు సంగతి.. రక్తకణం పొర చెబుతుందా?

బ్రెస్ట్ క్యాన్సర్ తొలి దశలోనే బయటపడింది. ఇంట్లోవాళ్లేమో "బాగా తిను, ఒంట్లో బలం ఉండాలి" అంటారు. ఆస్పత్రిలో డాక్టరేమో "బరువు పెరగకుండా చూసుకోండి" అంటారు. మధ్యలో నలిగిపోయేది పేషెంటే.

డాక్టర్ల మాటకు కారణం లేకపోలేదు. మెనోపాజ్ తర్వాత అండాశయాలు ఈస్ట్రోజన్ తయారీని దాదాపు ఆపేస్తాయి. అప్పుడు ఆ పని ఒంట్లోని కొవ్వు చేస్తుంది. బ్రెస్ట్ క్యాన్సర్లలో ఎక్కువ శాతం ఈ హార్మోన్‌తోనే పెరుగుతాయి. అంటే కొవ్వు పెరిగితే వాటికి మేత పెరిగినట్టే.

అయితే ఒంట్లో ఉన్నది ఎలాంటి కొవ్వు అన్నది కాటా చెప్పలేదు. అది తెలియాలంటే కణం చుట్టూ ఉండే పొరను చూడాలి. ఆ పొరలో ప్రధానంగా ఉండేది కొవ్వే. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ టెస్ట్ మూడు నెలల లెక్క చెప్పినట్టే, ఈ పొర కూడా కొన్ని నెలల కొవ్వుల లెక్క చెబుతుంది.

ఇటలీలో మెనోపాజ్ దాటిన మహిళలపై జరిగిన ఓ స్టడీ 2001లో వచ్చింది. రక్తకణాల పొరలో ఓలిక్ యాసిడ్ ఎక్కువున్న వారిలో ఆ తర్వాత బ్రెస్ట్ క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. పల్లీ నూనెలో, ఆలివ్ ఆయిల్‌లో ఉండేది ఈ ఓలిక్ యాసిడే కదా, మరి నూనె మానేయాలా? అక్కర్లేదు. దీన్ని శరీరం కూడా తయారు చేసుకుంటుంది. స్టియరిక్ యాసిడ్‌ను ఓ ఎంజైమ్ ఓలిక్‌గా మార్చేస్తుంది. ఇన్సులిన్ పెరిగితే ఆ ఎంజైమ్ జోరు పెరుగుతుంది. కాబట్టి అనుమానించాల్సింది నూనె డబ్బా ఒక్కదాన్నే కాదు, మొత్తం మెటబాలిజాన్ని. సన్నగా కనిపించేవాళ్లలోనూ అది గాడి తప్పొచ్చు.

అలాగని ఈ టెస్ట్ కోసం ల్యాబ్‌ల చుట్టూ తిరగాల్సిన పనిలేదు. ఆ స్టడీలో క్యాన్సర్ కేసులు వంద కూడా లేవు. ట్రీట్‌మెంట్‌ను నిర్ణయించే మామూలు పరీక్షల్లో ఇది లేదు.

మరి తిండి మారిస్తే జబ్బు తిరగబెట్టదా? ఇటలీలోనే 1,500 మందికి పైగా పేషెంట్లతో డయానా-5 ట్రయల్ చేశారు. ఫలితాలు 2023లో వచ్చాయి. మెడిటరేనియన్ డైట్ సలహాలు, ట్రైనింగ్ ఇచ్చిన గ్రూపులో జబ్బు తిరగబెట్టడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. జబ్బు మళ్లీ వస్తే "నువ్వు తిన్నదాని వల్లే" అని ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదన్నమాట.

కీమో టైంలో వాడే స్టెరాయిడ్లు, తగ్గిన నడక.. వీటి వల్ల కూడా బరువు పెరుగుతుంది. అందుకని సొంతంగా కడుపు మాడ్చుకోవడం మాత్రం ప్రమాదం. ఎంత తగ్గాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది ఆంకాలజిస్ట్‌నే అడగాలి.