కార్చిచ్చు - లోకుల తీర్పు

వేసవి రాగానే కార్చిచ్చు పత్రికల కెక్కును. తొలకరితో మరుగున పడును. 2014 మార్చిలో తిరుమల చెంతనున్న శేషాచలపు టడవులు తగులబడినపుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీరు చల్లినవి. ఆ దృశ్యమును జనులు వింతగా చెప్పుకొనిరి. ఏటేట శీతకాలమున ఎండుటాకు తొలగించి ఫైరులైన్లనెడి ఖాళీబాటలు తీర్చు పని సాగుచున్నదా యని విచారించువా రెందరు? మంట నార్పుట మనకు వీరకార్యము. మంట రాకుండ జూచుట కూలిపని.

వెదురులు రాచుకొని చిచ్చు పుట్టెననుట కావ్యములకు సొంపే గాని, మన దేశమున నది యధికముగా మానవుడు పెట్టినదే. ఇప్పపువ్వు ఏరుటకు చెట్టుక్రింది యాకును కాల్చువారు, క్రొత్త గడ్డికై కొండవాలును అంటించు కాపరులు, బీడీయాకు చిగురించుటకు పొదలను తగులబెట్టువారు కలరు. శివరాత్రికి నల్లమల నడకదారిన శ్రీశైలమునకు పోవు యాత్రికుడు ఆర్పక విడిచిన పొయ్యియు చాలును. 1967 నాటి అటవీచట్టము రిజర్వు అడవిలో నిప్పు పెట్టుటను నేరమనినది. సబబే. పట్టణవాసి తీర్పు అంతకంటె కఠినము: నిప్పు శత్రువు, గిరిజనుడు దోషి. యాత్రికుని మాట యెత్తడు. అతడు తన యింటివాడు గదా!

చిత్రమేమన, ఎండలు ముదరకముందు ఫైరులైన్లలోని గడ్డిని అటవీశాఖవారే కాల్పింతురు. ఇట్టి విద్యయే కర్ణాటకమున బిళిగిరి రంగన కొండలలోని సోలిగులకు తరతరములుగా నుండెను. వేసవి తొలినాళ్లలోనే నేలపై నాకును వారు పలుచగా కాల్చెడివారు. 1974లో ఆ కొండలు అభయారణ్యమైన పిదప అది ఆగినది. క్రమముగా, మన పల్లెలలో తలంబ్రాల చెట్టనెడి లాంటానా అడవినిండ అల్లుకొనినది. చిన్న మంటలు ఆగుటయే కారణమని సోలిగుల వాదము. శాస్త్రజ్ఞులలో కొందరు దానిని సమర్థించిరి, వివాదము ముగియలేదు. ఎండిన లాంటానా అంటుకొన్నచో మంట నేలపై నిలువదు, కొమ్మల కెక్కును.

మాఘమున నేల తడి యారకముందు కనిపెట్టుకొని కాల్చిన నిప్పు వేరు, చైత్రమున గాలికి విడిచిన నిప్పు వేరు. తరగతిలో ఈ భేదమును చెప్పువారము ఎందరము? విద్యార్థిచేత “అడవికి నిప్పు పెట్టరాదు” అని వ్రాయించి ఊరకుందుము. నల్లమలలో చెంచులను కాపలాకు పెట్టుకొనుచున్నారు, మంచిదే. వారిచేతికి పచ్చికొమ్మ నిచ్చి మంటపైకి పంపుట చాలదు. ఏ వాలున ఆకు తీయవలెను, దేనిని తాకరాదు అని నిర్ణయించుచోట, పుష్యమాసముననే వారిని కూర్చుండబెట్టి యడుగవలెను.