శిక్ష చాలదనుట కెవరికి హక్కు?

2006 నవంబరు 12వ తేదీ తెల్లవారుజామున బొంబాయి నగరమున కార్టరు రోడ్డు ప్రక్కను కొందఱు కూలివాండ్రు నిద్రించుచుండిరి. ఆ రోడ్డు పనికై వచ్చినవారే వారు. మద్యము సేవించిన యొక యువకుడు నడపుచున్న కారు కాలిబాట మీదికెక్కి వారిపై పాఱినది. ఏడుగురు మరణించిరి, ఎనమండ్రు గాయపడిరి. నూఱు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యముండరాదని చట్టము శాసించుచుండగా, ఆ ముద్దాయి రక్తమున 112 మిల్లీగ్రాములుండెను.

2007లో సెషన్సు కోర్టువారు విధించిన శిక్ష ఆఱుమాసముల సాధారణ ఖైదు, అయిదు లక్షల జుల్మానా. ఏడు ప్రాణములకు ఆఱుమాసములు!

ఇట్టి కేసులన్నిటను కలహము సెక్షనును గూర్చియే. అజాగ్రత్తచే మరణము కలిగించుటకు 304-ఏ సెక్షను; దాని పరమావధి రెండేండ్లు. మోటారుబండి మనదేశమున కనబడకముందే, 1870లో పరప్రభుత్వము చేర్చిన సెక్షను అది. చావు సంభవింపవచ్చునని యెఱిగియు చేసిన నరహత్యకు 304 రెండవ భాగము. దానికి పదేండ్లవఱకు ఖైదు. త్రాగి చక్రము పట్టువానికి ఫలితము తెలియదని చెప్పుట సాధ్యమా?

బొంబాయి హైకోర్టువారు తమంత తామే నోటీసు జారీచేసి, పెద్ద సెక్షనుక్రింద మూడేండ్ల కఠిన ఖైదు విధించిరి. ముద్దాయి సుప్రీంకోర్టున కెక్కెను. 2012 జనవరి 12న లోఢా, ఖేహర్ న్యాయమూర్తులు అప్పీలును కొట్టివేసిరి. కాని వారి తీర్పులోని యొకమాట ప్రతిపౌరుడును గమనింపదగినది. మూడేండ్ల శిక్ష మిక్కిలి స్వల్పమనియు, చాలదనియు, అయినను ప్రభుత్వము అప్పీలు చేయలేదు గనుక హెచ్చింపజాలమనియు వారు చెప్పిరి. శిక్ష చాలదని దేశమునందలి అత్యున్నత న్యాయస్థానమే యెఱిగినది. అడుగువాడు లేక చేతులు ముడుచుకొన్నది.

ఢిల్లీ ముచ్చటయు వినుడు. 1999 జనవరి 10న అచట నొక కారు ఆర్గురి ప్రాణములు గొన్నది. అందు మువ్వురు పోలీసులు. 2008లో క్రింది కోర్టు అయిదేండ్లు విధించినది. 2009లో హైకోర్టు దానిని చిన్న సెక్షనునకు దించి రెండేండ్లు చేసినది. 2012 ఆగస్టు 3న సుప్రీంకోర్టు పెద్ద సెక్షనును మరల నిలిపినది గాని, ఖైదు అనుభవించినంతవఱకు చాలుననినది. ఏబది లక్షలు చెల్లింపుమనియు, రెండేండ్లు సమాజసేవ చేయుమనియు ఆజ్ఞాపించినది. సెక్షను పెరిగినది, ఖైదు పెరుగలేదు. మృతుల కుటుంబములకు పదేసి లక్షలు ముందే ముట్టియుండెను. లక్షలు లేని లారీ డ్రైవరునకు ఇట్టి దారి యుండునా?

ఇంతకును చచ్చినవాని భార్యకు, తల్లికి ఈ వ్యవహారమున గల హక్కేమి? 2009నాటి సవరణచే బాధితులకు అప్పీలుహక్కు లభించినది. ముద్దాయిని విడిచిపెట్టినచో అప్పీలు చేయవచ్చును. చిన్న నేరముక్రింద శిక్షించినచో చేయవచ్చును. పరిహారము చాలనిచో చేయవచ్చును. శిక్ష చాలదని మాత్రము చేయరాదు! ఆ హక్కు ప్రభుత్వమునకే కలదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టపఱచినది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితయు 413వ సెక్షనున ఈ లోపమునే అట్లే దించుకొన్నది. అజాగ్రత్త మరణమునకు శిక్షాపరిమితిని రెండేండ్లనుండి అయిదేండ్లకు పెంచిన శాసనకర్తలు, అది తక్కువపడినప్పుడు ప్రశ్నించు నోటిని మాత్రము మూసియే యుంచిరి. రివిజను అర్జీ యున్నది గదా యందురు. అది హక్కు కాదు, కోర్టువారి దయ.

భర్తను పోగొట్టుకొన్న యొక స్త్రీకి ఈ చట్టమును వివరింపవలసివచ్చినప్పుడు ఆమె నన్నడిగిన మాట నేటికిని మఱవలేకున్నాను: "అయ్యా, డబ్బు చాలదంటే వింటారట, శిక్ష చాలదంటే వినరట. నా మొగుడు నాకు డబ్బేనా బాబూ?" ఇరువదియేండ్లు కోర్టులలో వాదించిన నాకు సమాధానము తోచలేదు.

బాధితులకీ హక్కునిచ్చిన పగ రాజ్యమేలునని కొందఱు ప్లీడరుమిత్రుల భయము. ముద్దాయి అప్పీలుహక్కును రవంతయైనను తగ్గింపుమని మేము కోరము. ఆతనికై వాదించుట మా వృత్తిధర్మము. కాని అడుగుట వేఱు, ఇచ్చుట వేఱు. హెచ్చింపవలెనో లేదో న్యాయమూర్తియే నిర్ణయించును. ముద్దాయి వాదమును వినకుండ హెచ్చింపరాదని చట్టమే చెప్పుచున్నది. ముద్దాయి శిక్ష హెచ్చని మొఱపెట్టుకొనగా పగయని యెవరునననప్పుడు, తల్లి తక్కువయని మొఱపెట్టుకొనిన పగ యెట్లగును?

కావున 413వ సెక్షనున "చాలని శిక్ష" యను మాటను చేర్పవలెను. అంతవఱకు, ప్రభుత్వము అప్పీలు చేయదలపనిచో గడువు దాటకముందే కారణములను వ్రాతమూలమున మృతుని కుటుంబమునకు తెలుపవలెను. పరిహారము చెల్లించుట ఋణము తీర్చుకొనుటయే. దానిని ఖైదులో తగ్గింపుగా లెక్కగట్టరాదు. ఊరూర న్యాయవాదుల సంఘములు ఈ తీర్మానములు గావించి పార్లమెంటు సభ్యులకు పంపవలెను. రోడ్డుప్రక్కను నిద్రించువానికి ప్లీడరు లేడు, పలుకుబడి లేదు. వానిపక్షమున అడుగువలసినది ప్రభుత్వము. అది యడుగనిచో, వాని యింటివారినైనను అడుగనిండు.